చెప్పుల స్టాండు దగ్గర స్కౌటు

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళొచ్చినవాళ్ళు కల్యాణం ముచ్చట్లు చెబుతారు, ఇరుగుపొరుగుకు తలంబ్రాలు పంచుతారు, ఎండను నాలుగు తిట్లు తిడతారు. క్యూలో కళ్ళు తిరుగుతుంటే గ్లాసెడు నీళ్ళు చేతికిచ్చిన కుర్రాడి ఊసు మాత్రం ఎత్తరు. వాడికి ఏ పద్నాలుగేళ్ళో ఉంటాయి. మెడలో స్కార్ఫు, నడుముకు బెల్టు, జేబులో విజిలు. తెల్లారకముందే లేచి వచ్చి ఉంటాడు. "నెమ్మదిగా నడవండమ్మా, తోసుకోకండి బాబూ" అని అరిచి అరిచి మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని ఉంటాడు. ఈ పిల్లలంటే నాకు మొదటినుంచీ పక్షపాతం. మా ఊరి హైస్కూల్లో నేనూ కొన్నాళ్ళు స్కార్ఫు కట్టినవాణ్ణే. స్కౌటు మెట్లలో ద్వితీయ సోపాన్ దాకా ఎక్కాను. ఈలోగా పదో తరగతి పరీక్షలు వచ్చిపడ్డాయి, ఇంట్లోవాళ్ళు స్కార్ఫు మడిచి బీరువాలో పెట్టేశారు.

స్కౌటింగు పుట్టింది చలిదేశంలో. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పోవెల్ కొద్దిమంది కుర్రాళ్ళను పోగేసి గుడారాలు వేయించాడు. మరుసటేడే పుస్తకం రాశాడు. జాడలు పట్టడం, నిప్పు రాజేయడం, తాళ్ళకు ముడులు వేయడం, రోజుకో మంచిపని చేయడం అందులోవే. 1909లో అది మన దేశానికి వచ్చేసరికి తెల్లవారి పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ తప్ప లోపలికి దారి లేదు. మన పిల్లల కోసం మద్రాసులో అనీ బిసెంటూ అరండేలూ ఒక దళం, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి ఇంకో దళం పెట్టుకోవాల్సి వచ్చింది. అలహాబాదు వాళ్ళది సేవాసమితి. బ్రౌన్‌సీ కుర్రాళ్ళకు అడవి దొరికితే సేవాసమితి కుర్రాళ్ళకు మేళా దొరికింది. యాత్రికులకు దారి చూపడం, తప్పిపోయినవాళ్ళను వెదకడం, నీళ్ళివ్వడం వాళ్ళ పాఠాలు. చివరికి ఈ దళాలన్నీ 1950 నవంబరు 7న ఒక్కటయ్యాయి. ఆ మరుసటి ఆగస్టులో గైడ్లు కూడా కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నిండుగా తయారైంది. జనం ఎక్కడ పోగైతే అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళడం మనవాళ్ళు చేసుకున్న సవరణ. నా మటుకు నాకు మూలం కంటే సవరణే బాగుంది.

అందుకే మన ఊళ్ళ స్కౌటు ట్రూపుకు అసలు క్యాలెండరు పంచాంగమే. ఉగాది దాటిందంటే నీళ్ళ కాలం మొదలు.

చలివేంద్రం పెట్టడంలో ఏముంది, పందిరీ నాలుగు కుండలే కదా అనుకుంటాం. పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది. కొత్త కుండలో నీళ్ళు మట్టివాసన కొడతాయి. ఒక రాత్రంతా నిండుగా ఉంచి, పొద్దున్నే ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోయాలి. కుండ కింద ఇసుక పోసి దాన్ని తడుపుతూ ఉండాలి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టాలి. గాలి తగలాలి, ఎండ తగలకూడదు. మన ఊరి మెయిన్ రోడ్డు మీద ఈ రెండూ కుదిరే చోటు ఒక్కటే ఉంటుంది, అక్కడ అప్పటికే సోడాబండి ఉంటుంది. ఆ సోడాబండాయనతో మాట్లాడి ఒప్పించడం కూడా స్కౌటు పనే. కుండలోకి ఎవర్నీ చెయ్యి ముంచనివ్వకూడదు, కాడ ఉన్న గరిటెతోనే తీయాలి. కొందరు గ్లాసు ఎత్తి పోసుకుంటారు. కొందరు కరుచుకుని తాగుతారు, వాళ్ళు వెళ్ళగానే గ్లాసు తోమాలి, వాళ్ళెదుట మాత్రం తోమకూడదు. కొందరు పెద్దవాళ్ళు దోసిలి పడతారు. వాళ్ళకు పైనుంచి సన్నటి ధారగా పోయాలి, లేకపోతే మోచేతులదాకా కారి చొక్కా తడుస్తుంది. చాలన్నట్టు తల ఊపేదాకా ధార తెగకూడదు. ఈ ఒక్కపని సరిగ్గా చేయడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. ఏప్రిల్ నెలాఖరుకు బడికి తాళం పడుతుంది. ట్రూపులో సగంమంది అమ్మమ్మగారి ఊళ్ళకు పోతారు. ఉన్నవాళ్ళతోనే రోహిణి కార్తె గట్టెక్కాలి. పెట్రోల్ పద్ధతి ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది పిల్లలు ఒక పెట్రోలు. వాళ్ళలో ఒకడు లీడరు. ఎవరు ఏ పూట రావాలో వాడే రాస్తాడు, ఎవడు ఎగ్గొట్టాడో వాడే చూసుకుంటాడు. కుండ పగిలినా, ఎవరైనా గొడవపడినా పిల్లలు ముందు వాడి దగ్గరికే పోవాలి. స్కౌటు మాష్టారు సాయంత్రం సైకిల్ మీద వచ్చి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "బాగుందిరా" అని వెళ్ళిపోతారు. పద్నాలుగేళ్ళవాడి చేతిలో అధికారం పెట్టి పెద్దవాళ్ళు పక్కకు జరగడం బేడెన్ పోవెల్ కనిపెట్టినవాటిలో అన్నిటికంటే గొప్పది. మన బళ్ళలో అన్నిటికంటే తక్కువ వాడేదీ అదే.

రైల్వేలకు సొంతంగా స్కౌటు దళాలున్నాయి. వేసవిలో పెద్ద స్టేషన్లలో జనరల్ బోగీల దగ్గర నీళ్ళు పోస్తూ కనపడతారు. వాళ్ళ పని చలివేంద్రానికి రెండింతలు కష్టం. బండి నాలుగైదు నిమిషాలు ఆగుతుంది. ఒక్కో కిటికీలోంచి పది చేతులు, పది సీసాలు. ఏ సీసా ఏ కిటికీదో గుర్తుంచుకోవాలి, బండి కదిలేలోగా ఎవరి సీసా వాళ్ళ చేతికి చేర్చాలి. ఎండాకాలంలో ఖాళీ సీసా చేతికొస్తే తిట్టేవాళ్ళుంటారు, అసలు సీసాయే తిరిగి రాకపోతే ఏమంటారో మీరే ఊహించుకోండి.

వానలు పడగానే వనమహోత్సవం. జులై మొదటివారంలో ఊరూరా మొక్కలు నాటుతారు, ఫొటోలు తీస్తారు, ఆగస్టుకల్లా మేకలు తమ వంతు పూర్తి చేస్తాయి. ఏ మొక్క ఏ పెట్రోలుదో పంచి ఇచ్చిన ట్రూపుల్లో మాత్రం నాలుగైనా బతుకుతాయి. కానుగ అయితే మరీ నయం, మేకలు దాని జోలికి పెద్దగా పోవు.

తిరునాళ్ళు, జాతరలు, బ్రహ్మోత్సవాలు వస్తే చేతినిండా పని. కొత్తగా చేరినవాణ్ణి మా మాష్టారు నేరుగా చెప్పుల స్టాండులో వేసేవారు. అట్టముక్కలు రెండేసి కత్తిరించి ఒకే నంబరు రాయాలి. ఒకటి చెప్పులకు కట్టాలి, ఒకటి మనిషికివ్వాలి. పురికొసతో జత చెప్పులూ కలిపి క్లోవ్ హిచ్ వేస్తే పట్టుకుని ఉంటుంది, విప్పడమూ తేలిక. తరగతిలో కర్రకు కట్టి చూపించినప్పుడు ఎందుకో అర్థంకాని ముడి అక్కడ అర్థమయ్యేది. సాయంత్రానికి చీటీలు పోగొట్టుకున్నవాళ్ళు వస్తారు. "నల్లచెప్పులు బాబూ" అంటుంది ఒక అవ్వ. ఎదురుగా ఉన్నవన్నీ నల్లచెప్పులే. అప్పుడు ఎన్నింటికి వచ్చారు, ఏ దారిన వచ్చారు, పక్కన ఎవరున్నారు అని ఒక్కొక్కటీ అడిగి వెదకాలి. విసుక్కోకూడదు. విసుక్కుంటే అవ్వకు గుర్తున్నదీ మర్చిపోతుంది.

ఆ స్టాండు దగ్గరే ఒకసారి గొడవైంది. కాస్త ఉన్నవాళ్ళింటి కుర్రాడు కూర్చుని ఉండగా వాళ్ళమ్మగారు దర్శనానికి వచ్చారు. కొడుకు చేతిలో ఎవరివో బురద చెప్పులు చూసి నిప్పులు చెరిగారు. "మావాడిచేత ఊరందరి చెప్పులూ మోయిస్తారా?" అని అందరి ముందూ మాష్టారిని నిలదీశారు. మాష్టారు జవాబు చెప్పలేదు, కుర్రాణ్ణి లేపి పంపించి తనే ఆ చోట కూర్చున్నారు. ఆ కుర్రాడు మళ్ళీ ట్రూపుకు రాలేదు. ఆ ఆవిడ మీద అప్పట్లో మాకు చాలా కోపం ఉండేది. ఆ కోపం తగ్గింది. ఎవరి చెప్పులు ఎవరు ముట్టుకోవాలో మన ఊళ్ళలో పుట్టుకతో నిర్ణయమై ఉన్నచోట, పన్నెండేళ్ళ పిల్లలందరినీ వంతులవారీగా అక్కడ కూర్చోబెట్టిన మాష్టారు ఎంత తెగించారో తర్వాత తెలిసింది.

తప్పిపోయిన పిల్లల బల్ల ఇంకో పక్క. ఏడుస్తున్న పసివాణ్ణి "మీ నాన్న పేరేంటి?" అంటే "నాన్న" అంటాడు. ఊరు అడిగితే "మా ఊరు" అంటాడు. కాబట్టి ముందు మంచినీళ్ళిచ్చి, బిస్కట్టు చేతిలో పెట్టి, అమ్మ ఏమని పిలుస్తుందో, ఇంట్లో గేదె ఉందో ఆవు ఉందో అడగాలి. మైకులో చొక్కా రంగు చెప్పాలి, మెడలో ఉన్న గొలుసు సంగతి చెప్పకూడదు. ఎవరైనా వచ్చి మా వాడే అంటే వెంటనే ఇవ్వకూడదు, పోలీసాయన్ని పిలవాలి. ఇవేవీ ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తులేదు. పెద్ద స్కౌట్లు చిన్నవాళ్ళకు చెప్పగా వచ్చినవి.

ఇంత పనున్న పిల్లల్ని తీసుకెళ్ళి పెద్దమనుషుల రాకకు రోడ్డుకు రెండుపక్కలా నిలబెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పదింటికి వస్తారన్నవాళ్ళు ఒంటిగంటకు వస్తారు. పిల్లలు చేతుల్లో పూలరేకులు వాడ్చుకుంటూ ఎండలో నిలబడతారు, కారు అద్దాలు దించకుండానే వెళ్ళిపోతుంది. సేవా కార్యక్రమమని లాగ్ బుక్కులో రాయిస్తారు. నీళ్ళు ఇవ్వకపోతే ఒకడు సొమ్మసిల్లుతాడు, చీటీ కలిపేస్తే ఒకావిడ వట్టికాళ్ళతో ఇంటికి పోతుంది. పూలు చల్లకపోతే ఏమవుతుంది? తాను తప్పు చేస్తే ఎవరికో కష్టం కలుగుతుందన్న పని ఇస్తేనే పిల్లవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. అలంకారానికి నిలబెట్టిన పిల్లలు పక్కవాడి స్కార్ఫు లాగుతూ కూర్చుంటారు. వాళ్ళను తప్పుపట్టలేను.

సర్టిఫికెట్ల కోసం వస్తున్నారని ఈమధ్య విసుక్కునేవాళ్ళున్నారు. ప్రవేశ్, మూడు సోపాన్‌లు, రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. పై మెట్లు ఎక్కినవాళ్ళకు రైల్వే ఉద్యోగాల్లో స్కౌటు కోటా ఉంది. ఆశ ఉంటే ఉండనీయండి. ఆ కోటాలో కొలువు దొరికి ఇల్లు నిలబెట్టుకున్నవాళ్ళను ఎరుగుదును. నా పేచీ ఫొటోతోనే. గరిటె పట్టుకుని ఫొటో దిగి పోయేవాడికీ, మధ్యాహ్నం రెండింటికి కుండ నింపేవాడికీ లాగ్ బుక్కులో ఒకే వాక్యం పడుతుంది.

కార్తీకం వచ్చేసరికి పని కాస్త తెరిపిస్తుంది. నవంబరు 7న వ్యవస్థాపక దినం, జెండా స్టిక్కర్లు అమ్ముతారు. ఖరీ కమాయీ కూడా పెట్టుకుంటారు. ఏదో ఒక పని చేసి, కూలి తీసుకుని, ఆ డబ్బు ట్రూపు నిధికి వేయాలి. సైకిళ్ళు తుడవడం, పుస్తకాలకు అట్టలు వేయడం లాంటివి. బాబాయిలూ పిన్నులూ పని చేయించుకోకుండానే నోటు చేతిలో పెట్టేస్తారు. అది మాష్టారు తీసుకునేవారు కాదు. "పో, వాళ్ళింట్లో బూజు దులిపిరా" అని వెనక్కి పంపేవారు.

ఉప్పాడ నుంచి పలాస దాకా తీరం పొడుగునా అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే తీరం దాటాయి. గాలివానలో పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే మాష్టారు మాష్టారే కాదు. అది పెద్దవాళ్ళ పని. గాలి తగ్గాక బడి ఆవరణలో విరిగిన కొమ్మలు ఏరడం, పునరావాస కేంద్రంలో చంటిపిల్లల్ని ఆడించడం, వరుసలో ప్లేట్లు అందించడం పిల్లలకు చాలు.

డిసెంబరు, జనవరిలో శిబిరాలు. వెదురుబొంగులూ తాళ్ళతో చెప్పుల అరలు, పళ్ళాల అరలు కడతారు. పొగకు కళ్ళు మండుతూ వండిన అన్నం కింద మాడి పైన పలుకుగా ఉంటుంది, దానికి వంక పెట్టేవాడు ఉండడు. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర నాటికల్లో మాష్టారిని అనుకరించే వేషం ఒకటి తప్పనిసరి. మాష్టారు అందరికంటే గట్టిగా నవ్వాలి, అది కూడా రాయని నియమం.

ఇక గోదావరి పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి వస్తాయి. స్కౌటు వయసు పదినుంచి పదిహేడు, కనుక కొన్ని తరాలకు దక్కుతాయి, కొన్నింటికి దక్కవు. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. 2015లో తొలిరోజు పొద్దున్నే రాజమండ్రి పుష్కర ఘాటు దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. ఆ మాట ఎవరూ మరిచిపోకూడదు, పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు అసలే మరిచిపోకూడదు. జనాన్ని ఆపే తాడుకు బదులుగా స్కౌట్లను వాడే ఆలోచన ఎవరికి వచ్చినా ఒప్పుకోవద్దు. ఘాటుకు దూరంగా వాళ్ళకు బోలెడు పనుంది. బస్టాండులో దారి చెప్పేవాళ్ళు కావాలి, రైలుదిగిన ముసలివాళ్ళ సంచీ అందుకునేవాళ్ళు కావాలి, నీళ్ళ పందిళ్ళు కావాలి, తప్పిపోయినవాళ్ళ బల్లలు కావాలి. ఆ బల్లల దగ్గర ఒరియా, మరాఠీ, హిందీ నాలుగు ముక్కలు వచ్చిన పిల్లలు ఉండాలి, వాళ్ళను ఇప్పటినుంచే వెదికి పెట్టుకోవాలి. చెప్పుల స్టాండును మాత్రం రెండు జాతరలు చూసిన పెట్రోలుకే అప్పజెప్పాలి. అట్టముక్కలు కత్తిరించి నంబర్లు వేసే పని వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టమని నా సలహా. ఎన్ని వేసినా చివర్రోజుకు తక్కువే పడతాయి.