టార్జాన్ నేర్పిన ఈత

హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు మొదట భయం వేసింది. ఆరు నుంచి పదో తరగతి వరకు ఈ హాస్టల్లోనే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. తమ్ముళ్ళకు ఏం రాయాలా అని ఆలోచిస్తే తొమ్మిదో తరగతి స్టడీ అవర్లో చదివిన ఒక బిట్టు గుర్తొచ్చింది. "వంద మీటర్ల ఈతను నిమిషం లోపు పూర్తిచేసిన మొదటి వ్యక్తి ఎవరు?" జవాబు జానీ వైస్‌ముల్లర్. ఆ పేరు పలకలేక అందరం నవ్వుకున్నాం. సినిమాల్లో టార్జాన్ వేషం వేసింది ఆయనేనని ట్యూటర్ సార్ చెప్పాక మాత్రం నేను మరిచిపోలేదు.

నాకు ఈత అంటే అంత ఇష్టం ఉండడానికి ఒక కారణం ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎండాకాలంలో మా వాడ పిల్లలం నలుగురం ఒక పొలం బావిలో దిగాం. నాకు ఈత రాదు, మెట్టు పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నాను. ఆసామి వచ్చి మమ్మల్ని పైకి పిలిచాడు. కొట్టలేదు, తిట్టలేదు. మోటారు వేసి ఆ నీళ్ళన్నీ బయటికి తోడేయమని పనివాడికి చెప్పాడు. మేం తడి నిక్కర్లతో గట్టు మీద నిలబడి చూశాం. ఆయన పిల్లలు రోజూ ఈదే బావి అది. ఇంటికొచ్చి చెబితే నాయన ఏమీ అనలేదు. వానలు పడి కాళంగిలో నీళ్ళొచ్చాక నన్ను ఏటికి తీసుకుపోయాడు. "ఏరు ఎవురిదీ కాదు, దిగరా అబ్బయా" అన్నాడు. అలా వచ్చింది నాకు ఈత.

వైస్‌ముల్లర్‌ది కూడా పేద కుటుంబమే. 1904 జూన్ 2న, ఇప్పుడు రుమేనియాలో ఉన్న ఫ్రైడార్ఫ్ అనే ఊళ్ళో పుట్టాడు. చంటిబిడ్డగా ఉండగానే తల్లిదండ్రులు ఓడెక్కి 1905లో అమెరికా చేరారు. మొదట పెన్సిల్వేనియాలో బొగ్గు గనులున్న విండ్‌బర్‌లో, తర్వాత షికాగోలో బతికారు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. హోటల్లో సామాన్లు మోశాడు, లిఫ్టు నడిపాడు. ఈత నేర్చుకున్నది ఊరి పక్కనున్న మిషిగన్ సరస్సులో. ఇల్లినాయ్ అథ్లెటిక్ క్లబ్బు కోచ్ విలియం బాక్‌రాక్ అతన్ని చేరదీసి తర్ఫీదు ఇచ్చాడు.

1921లో పోటీలకు దిగాడు. 1922 జూలై 9న వంద మీటర్లను 58.6 సెకన్లలో ఈదాడు. అంతకు ముందు రికార్డు హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు పేరున ఉండేది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ డ్యూక్‌నే ఓడించాడు. అక్కడ మూడు స్వర్ణాలు, వాటర్ పోలోలో ఒక కాంస్యం వచ్చాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మరో రెండు స్వర్ణాలు. మొత్తం అయిదు.

అయితే పారిస్ వెళ్ళేముందు ఒక చిక్కు వచ్చింది. అమెరికా జట్టులో ఉండాలంటే అమెరికా పౌరుడై ఉండాలి. జానీ పుట్టింది అక్కడ కాదు. తమ్ముడు పీటర్ మాత్రం విండ్‌బర్‌లో పుట్టాడు. ఆ తమ్ముడి పుట్టుక వివరాలే తనవిగా చూపించి జానీ పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళు పుస్తకాల్లో కూడా ఆయన పుట్టిన ఊరు విండ్‌బర్ అనే అచ్చయింది.

తర్వాత సినిమా. 1932లో ఎం.జి.ఎం. సంస్థ "టార్జాన్ ది ఏప్ మ్యాన్" తీసింది. జానీకి నటనలో అనుభవం లేదు. టార్జాన్‌కు మాటలూ తక్కువే. ఆ శరీరం, ఆ ఈత, అడవి అదిరేలా వేసే ఆ కేక చాలాయి. 1948 వరకు పన్నెండు టార్జాన్ సినిమాలు చేశాడు. తర్వాత "జంగిల్ జిమ్" సినిమాలు, టీవీ సీరియల్. వయసు మళ్ళాక లాస్ వేగాస్‌లో ఒక పెద్ద హోటల్లో వచ్చినవాళ్ళకు స్వాగతం చెప్పే ఉద్యోగం చేశాడు. హోటల్లో మొదలైన బతుకు మళ్ళీ హోటల్ దగ్గరికే వచ్చింది. 1984 జనవరి 20న మెక్సికోలోని అకపుల్కోలో కన్నుమూశాడు.

మిత్రులారా, చరిత్ర విద్యార్థిగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1919 జూలై 27న అదే షికాగోలో, అదే మిషిగన్ సరస్సులో, యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రాడు తెప్ప మీద తేలుతూ తెల్లవాళ్ళు తమదనుకునే నీళ్ళలోకి వెళ్ళాడు. నీటి మీద గీత ఏదీ లేదు. గట్టు మీంచి రాళ్ళు విసిరారు. మునిగి చనిపోయాడు. తర్వాత చెలరేగిన అల్లర్లలో 38 మంది పోయారు. అప్పటికి జానీకి పదిహేనేళ్ళు. అతనికి ఆ సరస్సు అడ్డు చెప్పలేదు. కాగితం మార్చి జానీ పుట్టిన ఊరిని దాచగలిగాడు. యూజీన్ తన ఒంటి రంగును ఎక్కడ దాచుకుంటాడు? ఇది చదివిన రోజు నాకు మా ఊరి బావి, ఆ మోటారు చప్పుడు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

జానీని నేను తప్పుపట్టడం లేదు. 1927 జూలై 28న మిషిగన్ సరస్సులో ఒక పడవ బోల్తా పడితే, అన్నదమ్ములిద్దరూ నీళ్ళలోకి దూకి పదకొండు మందిని బతికించారు. అదే సంవత్సరం మార్చి 20న మన బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగారు. ఈ రెండు తేదీలనూ నా నోట్సులో పక్కపక్కనే రాసుకున్నాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎం.ఏ.లో చేరిన కొత్తలో ఎక్కడ చదివావని తోటివాళ్ళు అడిగితే నెల్లూరులో ప్రైవేటు స్కూల్లో అని చెప్పాను. ఏడాది పాటు అదే అబద్ధం. నిజం చెబితే జానీకి ఒలింపిక్స్ పోయేది. నాకు ఏం పోతుందని దాచాను? అన్నం పెట్టి, దుప్పటి ఇచ్చి, పుస్తకం చేతికిచ్చిన చోటును దాచాను. ఈమధ్య క్లాసులో సెమినార్ ఇచ్చినప్పుడు, "నేను సూళ్లూరుపేట సాంఘిక సంక్షేమ హాస్టలు విద్యార్థిని" అని మొదలుపెట్టాను. గొంతు వణికింది. ఎవరూ నవ్వలేదు. బయటికొచ్చాక ఒక జూనియర్ దగ్గరికొచ్చి, "నేనూ హాస్టలే అన్నా" అన్నాడు.

తమ్ముళ్ళూ, ఈత నేర్చుకోండి. కాళంగిలో ఇసుక గుంతలుంటాయి, పెద్దవాళ్ళు లేకుండా దిగవద్దు. ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే నాలాగా ఏడాది ఆగకండి, మొదటి రోజే చెప్పండి.



— ఈ హాస్టలు పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర, సూళ్లూరుపేట