చెయ్యేటి కట్ట

రాజంపేట సమీపాన చెయ్యేటిపై అన్నమయ్య జలాశయాన్ని చూశాను. కాంక్రీటు కట్టడం నిలిచే ఉంది. లేనిది, దాని ప్రక్కనుండవలసిన మట్టికట్ట.

2021 నవంబరు 19, కార్తిక పౌర్ణమి నాటి ఉదయం. ఎగువన పించా కట్ట తెగింది. ఆ వరద ఇక్కడికి చేరేసరికి ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదు. అది లేచి ఉంటే కట్ట దక్కేదా? అంత వరదకు దక్కేదనుకోను. అయినా మనసు ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది. నీరు ఎదురుగా నిలిచినంతకాలం మట్టికట్ట ఓర్చుకుంటుంది. నెత్తిమీదుగా పొర్లిందా, వెనుకవాలు మట్టి కోసుకుపోతుంది. దిగువన పులపత్తూరు, మందపల్లెలలో మనుషులే కొట్టుకుపోయారు.

తిరిగి వచ్చిన మరునాడు, మా ఊరి వాగు మీది చిన్న ఆనకట్టకు వెళ్ళాను. షట్టరుకు కొత్త రంగు వేశారు. చక్రం పట్టుకుని తిప్పబోయాను. కదలలేదు.