వచ్చిపోయే క్లచ్ జబ్బు: బండి విప్పే ముందు ఒక నోట్‌బుక్ పట్టండి



ఎప్పుడూ ఉండే జబ్బుకి మందు దొరుకుతుంది. వచ్చిపోయే జబ్బుతోనే తంటా. మెకానిక్ వచ్చేసరికి బండి బుద్ధిగా నడుస్తుంది, ఆయన వెళ్లగానే మళ్లీ మొదలు. మొన్న డిసెంబర్‌లో మా తమ్ముడి ట్రాక్టర్‌కి ఇదే జరిగింది. దాన్ని ఎలా పట్టుకున్నామో వివరంగా రాస్తున్నా, మీకూ ఎప్పుడైనా పనికొస్తుంది.

జూన్‌లో ఆ బండికి గేర్‌బాక్స్ పని చేయించాడు. బేరింగులు, సీళ్లు మార్చారు. ఎలాగూ బండిని మధ్యకి విడదీశారు కదా అని క్లచ్ ప్లేటు కూడా కొత్తది వేయించాడు. జూలైలో దమ్ములు బాగానే చేసింది. వరి కోతలయ్యాక మొక్కజొన్నకి రోటవేటర్ వేస్తుంటే మొదలైంది గొడవ. ఉన్నట్టుండి ఇంజన్ గుయ్యిమని లేస్తుంది, బండి మాత్రం ముందుకి కదలదు. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే ఏమీ ఎరగనట్టు లాగుతుంది.

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పొద్దున్నే, ఇంటి దగ్గర. రెండుసార్లూ బండి బాగుంది. "మీ డ్రైవర్ క్లచ్ మీద కాలేసి తోలుతున్నాడు" అన్నాడు. మా తమ్ముడేమో "డూప్లికేట్ ప్లేటు వేశాడు" అని మిగిలిన బాకీ ఆపేశాడు, పెద్దమనుషుల్లో పెడతానన్నాడు. మధ్యలో డ్రైవర్ కుర్రాడు నలిగిపోయాడు. మూడేళ్ల నుంచి నమ్మకంగా పని చేస్తున్నవాడు, "నా మీద అనుమానమైతే మానేస్తానన్నా" అన్నాడు. అప్పుడు నేను తమ్ముడికి ఒక్కటే చెప్పాను: ఎవర్నీ ఏమీ అనొద్దు, ముందు ఇది ఎప్పుడొస్తుందో రాద్దాం.

మొదట తేల్చుకోవాల్సింది, జబ్బు ఎక్కడ అని. దీనికి స్పానర్ అక్కర్లేదు, చూస్తే చాలు. లోడు పడ్డప్పుడు ఇంజన్ చప్పుడు పడిపోతే అది క్లచ్ కాదు, డీజిల్ వైపో ఇంజన్ వైపో చూడాలి. ఇంజన్ లేచి బండి ఆగితే మధ్యలో ఏదో జారుతోందని లెక్క. తమ్ముడిది సింగిల్ క్లచ్. అలాంటి బండిలో రోటవేటర్ తిరుగుతూ టైర్లు మాత్రం ఆగితే గేర్‌బాక్స్‌ని అనుమానించాలి. రెండూ ఒకేసారి మందగిస్తే క్లచ్‌నే. మాకు రెండూ మందగించాయి. డబుల్ క్లచ్ ఉన్నవాళ్లకి ఈ లెక్క వేరు. అందులో పీటీవోకి వేరే ప్లేటు ఉంటుంది కాబట్టి, ఏది ఆగిందో చూస్తే ఏ ప్లేటు జారుతోందో కొంత తెలుస్తుంది.

రెండోది పెడల్ లూజు. పెడల్‌ని చేత్తో నొక్కితే గట్టిగా తగిలేవరకు కొంచెం ఖాళీగా కదలాలి. చాలా బండ్లకి 20 నుంచి 30 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంత పెట్టండి. ప్లేటు అరిగే కొద్దీ ఈ లూజు తగ్గుతుంది. అసలు లేకుండా పోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్ల మీద నొక్కుతూనే ఉంటుంది, అంటే కాలు పెట్టకపోయినా సగం క్లచ్ తొక్కినట్టే. స్కేలు పెట్టి కొలిచాం. సరిగ్గానే ఉంది.

మూడోది నోట్‌బుక్. టైమెంత, ఏ పని, ఏ గేరు, ఏ పొలం, ఏ దారిన వెళ్లారు. జారితే వెంటనే పని ఆపాలి, జారుతున్న క్లచ్‌తో లాగిస్తే ప్లేటు కాలిపోతుంది. వారం రోజులు రాశాక చూస్తే మేం అనుకున్నది తప్పైంది. వేడెక్కితే జారుతోందని అందరం అనుకున్నాం. కానీ ఇంటి పక్క చేలో నాలుగు గంటలు ఆపకుండా తోలినా జారలేదు. జారిన ప్రతిసారీ కాలవ అవతలి పొలంలోనే. అక్కడికి వెళ్లాలంటే గట్టు ఎక్కి దిగాలి. దిగేటప్పుడు బండి ముక్కు బాగా కిందికి వాలుతుంది.

మెకానిక్‌ని మళ్లీ పిలిచాం. ఈసారి ఇంటికి కాదు, గట్టు దగ్గరికి. ఆయన ముందే బండి దించి, పొలంలో రోటవేటర్ వేయించాం. పది నిమిషాల్లో జారింది. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. బండి ఆపించి, కింద దూరి, క్లచ్ హౌసింగ్ అడుగున చెయ్యి పెట్టి చూశాడు. అక్కడ ఒక చిన్న రంధ్రం ఉంటుంది, లోపలికి నూనె కారితే బయటికి పోవడానికి. దమ్ములో బురదనీళ్లు లోపలికి పోకుండా దానికి బోల్టు బిగిస్తారు, పొడి పనిలోకి రాగానే తీసెయ్యాలి. జూలైలో బిగించిన బోల్టు అలాగే ఉంది. తీయగానే టీ గ్లాసుడు ఆయిల్ పడింది.

ఆ ఆయిల్ ఎక్కడిదో రంగు చెప్పింది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, క్రాంక్ వెనక సీల్ పోయినట్టు. ఇది తేనె రంగులో ఉంది. జూన్‌లో పోసిన గేర్‌బాక్స్ ఆయిల్. షాఫ్ట్ దగ్గర వేసిన కొత్త సీల్ నుంచి కారుతోంది. బండి సమంగా ఉన్నంతసేపు ఆ ఆయిల్ అడుగున పడి ఉంటుంది. ముక్కు కిందికి వాలితే ఫ్లైవీల్ దగ్గరికి జారుతుంది, ఫ్లైవీల్ దాన్ని చిమ్మి ప్లేటు మీద కొడుతుంది. ప్లేటు జారి వేడెక్కాక ఆ పూత కాలిపోయి మళ్లీ పట్టుకుంటుంది. అందుకే వచ్చిపోయింది.

అక్కడే నిలబడ్డ ఒకాయన అడిగాడు, "జేసీబీలో ఆయిలే బండిని తిప్పుతుంది కదా, దీనికి ఆయిల్ తగిలితే ఏమైంది?" మంచి ప్రశ్న. జేసీబీలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌ని తిప్పుతుంది, ఆ ఆయిల్ గేర్‌బాక్స్‌ని తిప్పుతుంది. కొంత జారడం దానికి సహజం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న లారీల్లో అయితే వేగం అందుకున్నాక ఆ జారుడు లేకుండా లోపల ఒక లాకప్ క్లచ్ పట్టేస్తుంది. అది పట్టి వదిలేస్తుంటే డ్రైవర్‌కి కనిపించేది కూడా ఇంతే: ఇంజన్ లేస్తుంది, వేగం పెరగదు. అక్కడైనా ఎప్పుడు వదులుతోందో ముందు చూడాల్సిందే. మన క్లచ్ మాత్రం పొడిది, రాపిడి మీద బతుకుతుంది. నూనె దానికి పడదు.

బండిని మళ్లీ మధ్యకి విడదీశారు. సీల్ పెదవి ఒకచోట తెగి ఉంది. ప్లేటు కంపెనీదే, డూప్లికేట్ కాదు, కాకపోతే ఆయిల్ పీల్చేసింది. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు బాగానే ఉన్నాయి, తుడిచి వాడుకున్నారు. సీల్ తన పని కాబట్టి మెకానిక్ కూలి తీసుకోలేదు. కొత్త ప్లేటు తమ్ముడు కొన్నాడు, పాత బాకీ కూడా అదే రోజు ఇచ్చేశాడు. డ్రైవర్ కుర్రాడు పనిలోనే ఉన్నాడు.

ఆయిల్ పీల్చిన ప్లేటుని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. పైకి ఆరినట్టు కనిపించినా వేడెక్కితే లోపలి నూనె బయటికి వస్తుంది. హౌసింగ్‌లోకి పెట్రోల్ పోసి కడగడం ఇంకా ప్రమాదం, నిప్పంటుకుంటుంది.

ఈ పోస్టు చదివాక మీ బండి కింద ఒకసారి చూడండి. దమ్ము బోల్టు ఇంకా ఉంటే తీసి, ఒక డబ్బాలో వేసి, టూల్ బాక్సులో పెట్టుకోండి. తీసినప్పుడు ఏం పడుతుందో, ఏ రంగులో పడుతుందో చూసుకోండి.