గర్భసంచిలో అతుకులు



పెండ్లయి ఏడాది తిరగకముందే "విశేషమేమైనా ఉందా?" అని అడగడం మన పల్లెల్లో మామూలే. నిర్మల్ దగ్గర పత్తి, మొక్కజొన్న పండించుకునే మేమిద్దరం ఆ మాట ఆరేండ్లు విన్నాము. మాకు తెలిసివచ్చిన సంగతి మరో ఇంటికి పనికివస్తుందని ఇది వ్రాస్తున్నాము.

మా మొదటి గర్భం మూడవ నెలలో పోయింది. లోపల ముక్కలు మిగిలి రక్తం ఆగకపోతే గర్భసంచి శుభ్రం చేశారు. ప్రాణం దక్కింది. తరువాత నెలసరి తగ్గుతూ వచ్చి చివరికి ఒకటి రెండు మరకలతో సరి. నొప్పి మాత్రం నెలనెలా వచ్చేది. ఒంట్లో రక్తం లేదన్నారు కొందరు, వేడి అన్నారు కొందరు. ఎన్ని మాత్రలు మింగినా మార్పు లేదు.

చివరకు హైదరాబాదులో ఒక డాక్టరమ్మ, "శుభ్రం చేసిన తరువాత నెలసరి ఎట్లా వస్తున్నది?" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. గర్భసంచి లోపలి పొర నెలనెలా ఊడి, అడుగు పొర నుండి మళ్లీ పెరుగుతుందట. ఆ అడుగు పొర దెబ్బతింటే గోడలు ఒకదానికొకటి అతుక్కుని మచ్చ కడుతుంది. దీనిని 1948లో వివరించిన జోసెఫ్ అషర్మన్ పేరుతో పిలుస్తారు. అండం విడుదలవుతూనే ఉంటుంది. విత్తనం మంచిదే, నాటుకునే మెత్తని నేల లేదు. మన దేశంలో గర్భసంచి క్షయ కూడా దీనికి ఒక ముఖ్య కారణం. అందుకే ఆ పరీక్ష కూడా చేశారు, మాకు లేదని తేలింది. ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితమే.

పొట్ట కోయకుండా, సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి అతుకులు కత్తిరించారు. గోడలు మళ్లీ అంటుకోకుండా కొన్నాళ్లు చిన్న బెలూను ఉంచి, పొర పెరగడానికి హార్మోను మాత్రలిచ్చారు. మళ్లీ చూస్తే కొన్ని అతుకులు తిరిగి వచ్చాయి. వాటినీ తీశారు. ఇప్పుడు నెలసరి సరిగా వస్తున్నది. బిడ్డ ఇంకా లేదు. గర్భం నిలిస్తే మాయ గర్భసంచికి గట్టిగా అంటుకునే ప్రమాదముంది గనుక పెద్దాసుపత్రిలోనే కాన్పు కావాలని చెప్పారు.

సహోదరీలారా, శుభ్రం చేయించుకున్న ప్రతివారికీ ఇట్లా జరగదు. అవసరమైనప్పుడు అది ప్రాణం నిలుపుతుంది, భయపడవద్దు. కాని ఆ తరువాత నెలసరి తగ్గినా, ఆగినా సిగ్గుపడక స్త్రీల డాక్టరుకు చెప్పండి. సహోదరులారా, మీరూ పరీక్ష చేయించుకోండి. అత్తలారా, పెద్దలారా, పెనిన్నా హన్నాను విసిగించినట్లు ఏ కోడలినీ విసిగించకండి. గొడ్రాలనే మాట మన ఇండ్లలో వినిపించకూడదు.