అమ్మ ఊళ్లో ఏముంది?

మా టీమ్‌లో ఒక జర్మన్ కొలీగ్ ఉన్నాడు. ఓ రోజు కాల్‌లో పని మాటలు అయిపోయాక ఊళ్ల సంగతి వచ్చింది. వాళ్లది చిన్న పల్లెటూరట. పాత చర్చి, చెక్క దూలాల ఇళ్లు, ఊరి చరిత్ర మీద ఓ బుల్లి మ్యూజియం... ఏది ఎప్పుడు కట్టారో కూడా చెప్పాడు. చివరికి "మరి మీ ఊళ్లో ఏముంది?" అని అడిగాడు.

నేనుండేది దిల్‌సుఖ్‌నగర్. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్. దీన్ని ఊరని ఎలా చెప్పాలి? "మా అమ్మది పోచంపల్లి. చీరలు నేస్తారు. ఇంకేం లేదు, నథింగ్" అనేశాను.

వంటింట్లోంచి అమ్మ వింది. పోచంపల్లి, నథింగ్. ఈ రెండు మాటలు అర్థం కావడానికి పెద్దగా ఇంగ్లిష్ రానక్కర్లేదు కదా. "ఆదివారం బండి తియ్. ఏం లేదో చూద్దువు గానీ" అంది.

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ హైవే ఎక్కి, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఎడమకు తిరిగితే పోచంపల్లి. నేను రోజూ ఆఫీసుకు పోయే టైమ్ కూడా పట్టలేదు. అయినా ఆ ఊరికి వెళ్లి నాలుగేళ్లయింది.

అమ్మ ముందు వినోబా మందిరం దగ్గర ఆపమంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారని రోజులవి. ఊళ్లోని 40 దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాల భూమి కావాలని అడిగాయి. ప్రభుత్వం ఇచ్చేదాకా ఎందుకు, ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా ఇస్తారా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. అందుకే ఇది భూదాన్ పోచంపల్లి. దానంగా వచ్చిన భూములన్నీ పేదలకు చేరలేదన్నది తర్వాతి కథ. కానీ దేశమంతా తిరిగిన ఆ నడకకు దారి చూపింది ఈ ఊరే. స్కూల్లో ఒక మార్కు బిట్‌గా చదివి మర్చిపోయాను.

తర్వాత చెరువు గట్టు, చేనేత మ్యూజియం, నూటొక్క దర్వాజాల మిద్దె చూపించింది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాల నుంచి 44 ఊళ్లను ఉత్తమ పర్యాటక గ్రామాలుగా ఎంచింది. మన దేశం నుంచి ఎంపికైంది పోచంపల్లి ఒక్కటే. ఈ సంగతి జర్మనీ వాడికి చెప్పాల్సిన నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నం మామ ఇంటికి వెళ్లాం. "ఏం అల్లుడా, ఇప్పటికి యాదికొచ్చినమా?" అన్నాడు, మగ్గం గుంతలోంచి లేవకుండానే. వచ్చే నెల హైదరాబాద్ రాబోతున్న ఆ కొలీగ్‌కి ఇద్దామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ 'పోచంపల్లి' దుపట్టా కొన్నాను. గొప్పగా తీసి చూపించాను. మామ ఏం మాట్లాడలేదు. తిప్పి వెనక వైపు చూపించాడు. వెనక రంగు వెలిసినట్టుంది. ప్రింట్!

అసలుదైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ డిజైన్ బట్ట మీద వెయ్యరు, నేయకముందే దారంలోకి ఎక్కిస్తారు. రంగు అంటకూడని చోటల్లా దారాన్ని రబ్బరు ముక్కలతో బిగించి కట్టి అద్దుతారు. విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగు అద్దుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. పడుగు, పేక రెండింటికీ ఇలా కడితే, నేసేటప్పుడు దారం మీద దారం సరిగ్గా కూర్చోవాలి. కొంచెం తప్పినా పువ్వు పువ్వులా రాదు. అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపిస్తాయే, అది లోపం కాదు, చేతి పని గుర్తు. 2005లో జీఐ గుర్తింపు వచ్చినా ప్రింట్లు ఆగలేదు. నాలాంటి వాళ్లు కొంటున్నాం మరి.

అంతకంటే ముందు చేసే పని ఆసు పోయడం. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు తిరుగుతుంది. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఆలేరు వైపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆమె పేరే దానికి పెట్టారు. ఆయన ఇంజినీరింగ్ చదవలేదు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మామ ఇంట్లో మూలన పాత ఆసు చట్రం ఇంకా ఉంది. అమ్మ దాని ముందు కూర్చుని, దారం లేకుండానే చెయ్యి తిప్పి చూపించింది. నాలుగైదు సార్లకే ఆగిపోయింది. కుడి భుజం పైకి లేవలేదు. ఇన్నేళ్లుగా ఆ నొప్పికి నేను స్ప్రేలు కొంటూనే ఉన్నాను. ఎందుకొచ్చిందని ఒక్కసారీ అడగలేదు. "పెండ్లి దాకా నేనే పోసిన. నీ ఇంజినీరింగ్ ఫీజుకు అమ్మిన గొలుసు, ఆ పైసలదే" అంది మామూలుగా.

మామ కొడుకు ఇప్పుడు ఎల్బీనగర్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. మగ్గం ఎక్కమని మామ అడగలేదట. "పని మీద ప్రేమ ఉంటే సరిపోదు అల్లుడా, నెల గడవాలె" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వచ్చేటప్పుడు ఓ నూలు దుపట్టా తీసుకున్నాను. ధర నేను ముందు కొన్నదానికి నాలుగింతలు. బేరం ఆడలేదు. ఆ ప్రింట్‌దేమో ఇప్పుడు బండి తుడవడానికి వాడుతున్నాను.

సోమవారం కాల్‌లో కొలీగ్‌తో, "ఆ రోజు తప్పు చెప్పాను. నువ్వు వచ్చినప్పుడు మా ఊరికి పోదాం, ఒక రోజు సరిపోదు" అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. అమ్మ విన్నట్టే ఉంది.