ఉప్పు ఎక్కడికి పోయింది?

విద్యార్థి దశలో నేను చేసిన ప్రయోగాలలో అనేకం స్మృతిపథం నుండి తొలగిపోయినవి. అర గ్రాము ఉప్పుతో చేసిన ఒక్క ప్రయోగం మాత్రం తొలగలేదు.

మీటరు పొడవు, అయిదు సెంటీమీటర్ల వ్యాసం గల గాజు గొట్టాన్ని నిలువుగా బిగించి, ఆరు మిల్లీమీటర్ల గాజు పూసలతో నింపినాము. అడుగు నుండి సెకనుకు 5 మిల్లీలీటర్ల నీరు పైకెక్కుతుండగా, ఉప్పు ద్రావణాన్ని సిరంజితో ఒక్కసారిగా వదలి, పైన వెలువడే నీటి విద్యుద్వాహకతను అయిదేసి సెకన్లకు వ్రాసుకోవాలి. పూసల నడుమ ఖాళీ సుమారు నూటికి నలభై పాళ్లు. ఆ లెక్కన నీరు సగటున 157 సెకన్లు లోపల నిలవాలి.

అయితే ఉప్పంతా 157వ సెకనుననే రాదు. ప్రతి పూస వద్ద దారి చీలుతుంది, కలుస్తుంది, మరల చీలుతుంది. రంజాన్ రాత్రి చార్మినార్ సందులలో జనం వలె, ఒకటి సూటిగా సాగిపోతే మరొకటి మూలమూలలా ఆగుతుంది. ఈ చెదరికకే డిస్పర్షన్ అని పేరు. నిశ్చలమైన నీటిలో ఉప్పు తనంతట వ్యాపించే తీరుతో పోల్చితే ఇది వేల రెట్లు అధికం. లోపల ఎంత భాగం ఎంతసేపు నిలిచినదో ఈ విధంగా లెక్కించే పద్ధతికి 1953లో స్పష్టమైన రూపమిచ్చినవాడు డాంక్‌వర్ట్స్. 1940లో లండనుపై పడిన మైనులను నిర్వీర్యం చేసి జార్జి క్రాస్ పొందిన ధీరుడాయన. నా ధైర్యం అంతటిది కాదు.

నా వక్రరేఖ 130వ సెకనుకే శిఖరమెక్కింది. పిదప దిగినదే గాని సున్నను చేరలేదు. సన్నని తోక సాగుతూనే ఉన్నది. విసిగి 200వ సెకనున గడియారం ఆపి, తరువాత అంతా సున్న అని వ్రాసినాను. సగటు 139 వచ్చింది. పరికర దోషమని క్రింద ఒక వాక్యం చేర్చినాను.

మా సారు వక్రరేఖ క్రింది వైశాల్యాన్ని ప్రవాహంతో గుణించి చూసినారు. 0.4 గ్రాములే తేలింది. "బేటా, నమక్ కిధర్ గయా?" అన్నారు. ఉప్పు తిని విశ్వాసం చూపని వానిని ఉర్దూలో ఏమంటారో ఎరిగినవాడను గనుక, ఆ ప్రశ్న మరింత లోతుగా తాకింది. నేను బదులు పలకలేదు. ఆయన కోపగించలేదు, గొట్టం విప్పించినారు.

పూసలను పొడిగా, ఒక్క ఊపున గుమ్మరించినందున గాలి బుడగలు అతుక్కొని, వాటి చాటున నీరు కదలక నిలిచిపోయింది. పైగా గొట్టం వెడల్పు పూసకు ఎనిమిది రెట్లే. గోడ ప్రక్కన సందులు పెద్దవి గనుక కొంత నీరు అక్కడనే వడిగా జారిపోయింది. నీటిని వడగట్టే ఇసుక పడకలోనైనా, రసాయన చర్య జరిగే గొట్టంలోనైనా, అట్లు జారిపోయిన భాగం సగం పనితోనే బయటపడుతుంది. నిలిచిపోయిన నీటిలోని ఉప్పే నేను కత్తిరించిన తోక.

మూడు మిల్లీమీటర్ల పూసలు తెచ్చి, ముందు నీరు నింపి, గుప్పెడు గుప్పెడు జారవిడుస్తూ, గొట్టాన్ని మెల్లగా తట్టుతూ మరల నింపినాము. ఈసారి 400 సెకన్ల వరకు కూర్చున్నాను. సగటు 153, ఉప్పు 0.48 గ్రాములు. అప్పటికి దీపాలు పెట్టినారు.

మొదటి పుట చింపబోగా సారు వారించినారు. రికార్డు పుస్తకం నా వద్దనే ఉన్నది. 200వ సెకను వద్ద నేను గీసిన పెన్సిలు గీత నేటికీ చెరగలేదు.