అడవికి కావలి

మమ్మల్ని వాచర్లంటారు. కాగితాల మీద ఒక్కోసారి ఆ మాట కూడా ఉండదు, కూలీలు అని రాస్తారు. మేం నల్లమల చెంచులం. మాలో కొందరం పులుల అభయారణ్యం బేస్ క్యాంపుల్లో పనిచేస్తున్నాం. కొందరం కొన్నేళ్లు చేసి మానుకున్నాం. మిగతావాళ్లం ఆ పని చేసేవాళ్ల బిడ్డలం, తమ్ముళ్లం. కృష్ణకు ఇవతల తెలంగాణలో అమ్రాబాద్, అవతల ఆంధ్రలో నాగార్జునసాగర్-శ్రీశైలం. రాష్ట్రం విడిపోయేదాకా రెండూ కలిసి ఒకే అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాలు రెండయ్యాయి గానీ పులికి ఏరు అడ్డం కాదు. మా చుట్టరికాలకూ కాదు.

ఈ పని అంటే చేతిలో కట్టె పట్టుకుని అడవిలో తిరిగి రావడమే అని బయటివాళ్లు అనుకుంటారు. అందుకే ముందు పని సంగతి చెప్పాలి.

క్యాంపులో ఐదుగురం ఉంటాం. ఒకరు వంటకూ వైర్‌లెస్ సెట్టు దగ్గరా ఆగుతారు, నలుగురం పొద్దు పొడవకముందే బయలుదేరతాం. రాత్రి పడిన జాడలు గాలికి చెదరకముందే, పశువులు తొక్కకముందే చూడాలి. బండ్లబాట దుమ్ములో, వాగు ఇసుకలో జాడ బాగా పడుతుంది. మగపులి వెనక పాదం ఇంచుమించు చదరంగా ఉంటుంది, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటుంది. జాడ అంచు పదునుగా ఉంటే పులి ఇప్పుడే పోయింది. జాడలో మంచు చుక్కలు రాలి సన్నటి గుంటలు పడి ఉంటే అది మంచు కురవకముందు పోయింది. చీమలు బాట కట్టి ఉంటే ఇంకా ముందు. ఇవన్నీ మాకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. మా తాతలు వేటకు పోతూ వెంట తీసుకుపోయి చూపించారు.

చెవి కూడా పనిచేస్తూనే ఉండాలి. దుప్పి దేనికైనా బెదిరి అరుస్తుంది. కణితి అట్లా కాదు, అది ఆగి ఆగి అరుస్తుంటే దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టే లెక్క. చెట్టు మీద కొండముచ్చు ఎటు చూసి కూస్తుందో చూస్తే అది ఎటు నడుస్తుందో తెలుస్తుంది. పడిపోయిన మెకం కనిపిస్తే ఎక్కడి నుంచి తినడం మొదలుపెట్టిందో చూస్తాం. వెనక తొడల నుంచి తింటే చాలాసార్లు పులి, కడుపు నుంచి తింటే చిరుత. నిజం చెప్పాలంటే పులికన్నా మాకు ఎలుగుబంటి భయం ఎక్కువ. పుట్ట తవ్వుకుంటూ అది మన అలికిడి వినదు. దగ్గరికొచ్చాక చూసి మీద పడుతుంది, నేరుగా మొహం మీదికే వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పని ఉచ్చులు తీయడం. బండి క్లచ్ వైరు ముక్కను ముడి వేసి, నీళ్లకు పోయే మెకం దారిలో పెడతారు. రెండు పక్కలా కంప అడ్డం వేసి మధ్యలో సందు వదులుతారు. అడవిపందికో కణితికో పెట్టిన ఉచ్చులో పులి కాలు పెడుతుంది. గుంజేకొద్దీ తీగ బిగుస్తుంది. తెంపుకుని పోయినా ఆ కాలు కుళ్లుతుంది, వేటాడలేక ఆకలితో చస్తుంది. అడవి అంచు చేలల్లో పందులకని కరెంటు తీగ పెడతారు, అది ఇంకా ఘోరం. ఉచ్చు కంటికి కనిపించేట్టు ఎవరూ వేయరు. కొత్తగా నరికిన గూటం, ఊరికే వంగి ఉన్న లేత బిల్లుడు చెట్టు, ఒక వైపుకే అణిగిన గడ్డి, ఇవి పట్టిస్తాయి. ఇక్కడ నేనైతే ఎక్కడ పెడతాను అని ఆలోచిస్తే అక్కడే దొరుకుతుంది. ఉచ్చు వేయడం తెలిసిన కన్నే ఉచ్చు తీయగలదు.

లెక్కల పని నాలుగేళ్లకోసారి వస్తుంది. పూర్వం పులి జాడ మీద అద్దం పెట్టి గీత గీసేవాళ్లు. ఇప్పుడు కెమెరాలు కడతారు. దారికి రెండు పక్కలా ఎదురెదురుగా, మోకాలెత్తులో కట్టాలి. పులి కుడి పక్క చారలు ఎడమ పక్క చారల్లాగా ఉండవు కాబట్టి రెండు వైపులా ఫొటో పడితేనే ఫలానా పులి అని గుర్తుపట్టగలరు. దేశం మొత్తం మీద 2006 లెక్కలో 1,411 పులులు. 2022 లెక్కలో 3,682. ఈ పెరుగుదల గురించి పత్రికలు రాస్తే మేమూ సంతోషపడతాం. అయితే పులి ఏ మలుపులో తిరుగుతుందో, ఏ చెట్టుకు గోళ్లు గీకుతుందో చూపించకపోతే కెమెరా ఏ చెట్టుకు కడతారు? దారి చూపించినవాడి పేరు ఆ రిపోర్టులో ఎక్కడుంది?

ఎండాకాలం మంటల కాలం. ఆకు రాలకముందే ఫైర్ లైన్లు కొట్టాలి. మంట లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతాం, కొన్నిచోట్ల ఎదురు మంట పెడతాం. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. అడవిలోంచి వేలమంది నడిచిపోతారు. ఒక్క బీడీ ముక్క చాలు. వాళ్లు లింగయ్యను చూసుకుని పోయాక మేం ప్లాస్టిక్ ఏరుతాం, నిప్పు ఆర్పుతాం. వాగులు ఎండితే తొట్లలో నీళ్లు పోస్తాం. ఏ బండ కింద చెలమ ఇంకా ఊరుతుందో ఆడవాళ్లకు మాకన్నా బాగా తెలుసు. వాచర్ల లిస్టులో వాళ్లు మాత్రం తక్కువ.

ఈ కొలువు మాతోనే మొదలు కాలేదు. ఇంగ్లండులో దొరల ఎస్టేట్లకు గేమ్‌కీపర్ అని ఒకడు ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు. దొర తుపాకీ కోసం ఫెజంట్ పక్షులను పెంచడం, దొంగ వేటగాళ్లను పట్టుకోవడం అతని పని. 1671లో వచ్చిన చట్టం ప్రకారం ఆస్తి ఉన్నవాళ్లే వేటాడాలి. ఎస్టేటు దొర పెట్టుకున్న గేమ్‌కీపర్‌కు పేదవాళ్ల ఇళ్లు వెతికి తుపాకులు, కుక్కలు, వలలు లాక్కునే అధికారం ఇచ్చారు. ఆ ఆస్తి షరతు 1831 దాకా నడిచింది. పాత దొంగ వేటగాడే మంచి గేమ్‌కీపర్ అవుతాడని వాళ్లకొక సామెత కూడా ఉంది. ఆ సామెత వింటే మాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. మమ్మల్ని కూడా ముందు దొంగ వేటగాళ్లను చేసి ఆ తర్వాతే కావలి పెట్టారు.

నైజాం కాలంలో ఫరహాబాద్‌లో వేట బంగళా ఉండేది. దొరలు షికారుకు వస్తే మా పెద్దలు జాడ చూపించేవాళ్లు, హాకా కొట్టి మెకాన్ని తోలేవాళ్లు. తుపాకీ పేలేది, ఫొటో దొరది. మేం మాత్రం విల్లుతో మా పొట్టకు సరిపడా కొట్టుకునేవాళ్లం. 1940 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే పండితుడు మా పెంటల్లో ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అందులో ఉన్నది విల్లు పట్టుకున్న చెంచు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. పులిని కాపాడాలంటే అట్లాంటి చట్టం కావాల్సిందే, దానికి మేం అడ్డం చెప్పం. కానీ పులులను వరసగా కొట్టి పడేసింది తుపాకులు. చట్టం వచ్చాక మా ఇంట్లో విల్లు కూడా నేరమైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే విద్య ఉందని మమ్మల్ని పిలిచి యూనిఫాం ఇచ్చారు.

ఆ యూనిఫాం మేం ఇష్టంగానే వేసుకున్నాం. నెలనెలా వచ్చే డబ్బు పెంటలో చాలా ఇళ్లకు ఆధారం. అది మూడు నెలలకో నాలుగు నెలలకో వచ్చినప్పుడు షావుకారు దగ్గర అప్పు పెరుగుతుంది. ఎలుగు కొట్టి కన్ను పోయినవాడికి ఇంక నడక పని లేదు, నడక లేకపోతే కొలువు లేదు. పదేళ్లు, పదిహేనేళ్లు చేసినా పర్మినెంటు మాట రాదు.

దీనికన్నా మమ్మల్ని కలవరపెట్టే మాట ఇంకొకటుంది. కోర్ ఏరియాలోంచి పెంటలు బయటికి పోవాలంటారు. కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. ఇష్టమైనవాళ్లే పోవచ్చంటారు. రోడ్డు వేయకుండా, బడికి పంతులు రాకుండా, బోరు చెడితే బాగు చేయకుండా ఏళ్లు గడిచాక అడిగితే దాన్ని ఇష్టం అంటారా? కొందరు పోతామంటున్నారు, వాళ్లను మేం తప్పుపట్టం. పిల్లలకు బడి, రోగానికి ఆస్పత్రి ఎవరికి వద్దు? కానీ పగలు ఒకాయన వచ్చి, పులి జాడ ఎక్కడుంది తమ్ముడూ అని అడుగుతాడు. సాయంత్రం ఇంకొకాయన వచ్చి, మీరుంటే పులి బతకదు అంటాడు. రెండు మాటలూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయి?

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అడవి మీద హక్కు ఇచ్చింది, ఆ అడవిని, అందులోని జీవాలను కాపాడే అధికారం కూడా ఇచ్చింది. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించకూడదని రాసింది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలకు పులుల అభయారణ్యంలోనే 2011లో సామూహిక హక్కులు వచ్చాయి. వాళ్లూ ఉన్నారు, పులులూ ఉన్నాయి. 2019లో మన నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు అడ్డం నిలిచినవాళ్లలో ముందు వరసలో పెంటల జనం ఉన్నారు. పులి తరఫున ఆ రోజు నిలబడింది మేమే కదా.

మేం అడిగేది ఎక్కువేం కాదు. జాడ చదివే పనిని విద్యగా గుర్తించి, దానికి తగిన కొలువు, బీమా ఇవ్వాలి. లెక్కల రిపోర్టులో దారి చూపించినవాడి పేరు రాయాలి. ఆడవాళ్లను కూడా లిస్టులో చేర్చాలి. అడవి మీద గ్రామసభ హక్కు పత్రం మా చేతికివ్వాలి. అప్పుడు మేం చేసేది మా సొంత అడవికి కావలి అవుతుంది.

తొందర ఎందుకంటే, హాస్టల్లో చదివి వచ్చిన మా పిల్లలు ఫోనులో పులి ఫొటో చూసి గుర్తుపడుతున్నారు గానీ ఇసుకలో జాడ చూసి మగదో ఆడదో చెప్పలేకపోతున్నారు. చెప్పగలిగిన ముసలివాళ్లు పెంటకు ఇద్దరో ముగ్గురో మిగిలారు. సెలవుల్లో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మేం వాళ్లను పొద్దున్నే లేపి వాగు దాకా తీసుకుపోతున్నాం.